గురువారం పొద్దుటి కుర్చీ

హారిస్‌డేల్‌లో ఉన్న మన తెలుగువాళ్లందరూ బాగున్నారా? మోకాలి ఆపరేషనైన వదినగారు మెట్లు దిగుతున్నారా? చంటిపిల్లలకి దగ్గు తగ్గిందా? షుగరున్న అన్నయ్యలు ఏదో ఒకటి తిన్నాకే మందు వేసుకుంటున్నారా? ఇవన్నీ అడగకుండా అసలు సంగతి చెప్పడం నాకు చేతకాదు. మా వియ్యంకుడుగారు, అంటే మా అమ్మాయి మామగారు, పోయిన నెల ఆస్పత్రిలో పోయారు. భోజనాల వేళ. కొడుకు చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

మన తెలుగు సంఘం పత్రికలో ఆయన గురించి చదువుకున్నవాళ్లెవరైనా రాస్తారని చూశాను. మా అమ్మాయి "నువ్వే రాయమ్మా" అంది. నేను ఐదో తరగతితో ఆగినదాన్ని. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఆయన ఓడల్లో ఇంజనీరుగా చేసినవారు. రిటైరయ్యాక మా ఊరి ఒడ్డునున్న రెస్క్యూ బోటు స్టేషన్లో చేరారు. అక్కడ ఎవరికీ జీతం లేదు. సముద్రం మీద ఎవరి బోటు ఆగినా, మునిగినా, వీళ్లే వెళ్లి తీసుకొస్తారు. ప్రతి గురువారం పొద్దున్న రేడియో ముందు కుర్చీ ఆయనది. చేపలకి వెళ్లేవాళ్లు ఎంతమందిమి, ఎన్నింటికి తిరిగొస్తాం అని రేడియోలో చెప్పి వెళ్లాలి. వచ్చాక వచ్చేశామని మళ్లీ చెప్పాలి. చెప్పకపోతే వెతకడానికి బోటు కదులుతుంది.

నాకు నీళ్లంటే భయం. నీళ్లే ఏమిటి, ఫోను మోగినా భయమే. మా అల్లుడు చేపలకి వెళితే వచ్చేదాకా ఒడ్డున నిలబడేదాన్ని.

"నువ్వు చూస్తున్నావని సముద్రం మొహమాటపడుతుందా, చెల్లెమ్మా?" అనేవారు ఆయన.

"ఏమో అన్నయ్యగారూ, పడుతుందేమో" అనేదాన్ని.

ఒక గురువారం అల్లుడూ అతని స్నేహితుడూ ఇంత పొడుగు చేప పట్టుకుని దిగారు. ఎండ మండిపోతోంది. "చేప పాడైపోతుంది, పదండి పదండి" అని నేనే ఇద్దర్నీ కారెక్కించాను. పులుసు దించుతుంటే అల్లుడు తల పట్టుకున్నాడు. రేడియోలో చెప్పలేదు! ఫోను చూస్తే చార్జింగు అయిపోయి ఉంది. అప్పటికే నలుగురు మనుషులు, ఆ మధ్యాహ్నపు గాలిలో, లేని బోటు కోసం వెతుకుతున్నారు. వాళ్లని పంపింది ఈయనే. వెతకమన్నది సొంత కొడుకు కోసం.

పులుసు గిన్నెతో సహా స్టేషనుకి పరిగెత్తాం. ఆయన కొడుకుని ఒక్కసారి పైనుంచి కిందకి చూశారు. బోటుని వెనక్కి రమ్మని రేడియోలో చెప్పారు. ఇంక మావైపు తిరగలేదు.

"తప్పు నాది అన్నయ్యగారూ. కాస్త తినండి" అన్నాను.

"ఆ నలుగురూ ఒడ్డెక్కాక."

వాళ్లు తడిసి ముద్దయి వచ్చారు. అందరూ ఆ పులుసే తిన్నారు. ఒకాయన కారానికి ముక్కు తుడుచుకుంటూ, "ఈ చేప కోసమైతే రేపూ తప్పిపొండి, వెతుకుతాం" అన్నాడట. మా మనవరాలు తెలుగులో చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

ఆరోజే అన్నయ్యగారు అద్దాల బీరువాలోంచి ఒక పాత పుస్తకం తీసి చూపించారు. పూర్వం ఇక్కడ రేడియో లేదు, ఇంజను బోటూ లేదు. అందరూ ఒడ్డున చూస్తుండగానే ఇద్దరు జాలరి అన్నదమ్ములు మునిగిపోయారు. పంపడానికి పడవ లేదు. ఆ తర్వాత ఊళ్లో వాళ్లు వలల షెడ్డులో ఒక తెడ్ల పడవ ఉంచారు. జాలర్ల భార్యలు ఇసుక దిబ్బ మీద వంతులవారీగా కాపలా కూర్చున్నారు. చాలామందికి రాయడం రాదు. అందుకే ఈ పుస్తకంలో వెళ్లే మనిషికి ఒక గీత. తిరిగొస్తే ఆ గీత కొట్టేయడం. లెక్క ఇప్పటికీ అంతే.

ఒక పేజీలో రెండు గీతలు అలాగే ఉన్నాయి. "వీళ్లో?" అన్నాను.

"రాలేదు. రానివాళ్ల గీత కొట్టరు, చెల్లెమ్మా."

ఆయన హయాంలోనే ఒకసారి బోటు తిరగబడితే, ఐస్‌పెట్టె పట్టుకుని తేలుతున్న తండ్రినీ చిన్నపిల్లనీ పైకి లాగారు. తండ్రికి మాట లేదు. బోటు వెనక్కి తిప్పుతుంటే ఈయన రేడియోలో "పుస్తకంలో ముగ్గురున్నారు" అన్నారు. మళ్లీ వెతికారు. పెద్దపిల్ల కూడా దొరికింది. ఆ పిల్ల ఇప్పుడు ఆ రెస్క్యూ బోటే నడుపుతోంది.

"నీ భయమంతా వంటింట్లో వృథా అయిపోతోంది. ఇక్కడికి పట్టుకురా" అన్నారు.

అప్పట్నుంచి ప్రతి గురువారం ఫ్లాస్కుతో టీ పట్టుకుని వెళ్లేదాన్ని. ఆయన చెప్పులు విడిచి, చేతి వాచీ తీసి బల్ల మీద పెట్టుకునేవారు. బోటు ఆలస్యమై ఇంట్లోవాళ్లు ఫోను చేస్తే, వచ్చేస్తార్లెండి అని ఎన్నడూ అనలేదు. "వచ్చాక నేనే చెబుతాను" అనేవారు. చెప్పేదాకా టీ ముట్టేవారు కాదు.

ఆయన పోయాక స్టేషను చూసుకునే పెద్దావిడ, మనిషి లేడు కాబట్టి గురువారాలు రేడియో ఆపేస్తామన్నారు. నాకా రాత్రి నిద్ర పట్టలేదు. గురువారం వెళ్లేవాళ్లని ఎవరు లెక్కపెడతారు? నేను కూర్చుంటానన్నాను.

"అమ్మమ్మా, ఆర్ యూ ష్యూర్?" అంది మనవరాలు.

"ష్యూరే" అన్నాను.

పరీక్ష పెట్టారు. మొదటిసారి నోరు పెగల్లేదు. రెండోసారి చెప్పులు విడిచి కూర్చున్నాను. పాసయ్యాను. నా ఇంగ్లీషు పొట్టిది. సముద్రం మీద వాళ్లు చెప్పేవీ పొట్టి మాటలే.

ఆయన అస్థికలు స్టేషను బోటులో తీసుకెళ్లి ఎదురుగానే సముద్రంలో కలుపుతారు. ఆయన కోరిక అది. బోటులో ఆరుగురు వెళుతున్నారు. బోటు నడిపేది ఆ పెద్దపిల్లే.

"పుస్తకంలో ఎంతమందని వేస్తారు, అత్తయ్యా?" అని అడిగాడు అల్లుడు.

"ఏడు గీతలు గీస్తాను."

"వచ్చాక?"

"ఆరు కొట్టేస్తాను."



మీరందరూ స్టేషనుకి రండి. టోపీలు మర్చిపోకండి, పిల్లల్ని నీళ్ల దగ్గరికి వదలకండి. వచ్చే నెల రెండో గురువారం, పొద్దున్న ఎనిమిదింటికి. నేను కుర్చీలోంచి లేవను, మీరే లోపలికి వచ్చి పలకరించండి.