ప్లీడరు తాత మా ఇంట్లో నీళ్ళు తాగిన సాయంత్రం

ఇది ఈ రోజే రాయాలి. నిన్న పొద్దున ఫోన్‌లో మా ప్లీడరు తాత ఫొటో వచ్చింది... కింద పెద్ద అక్షరాలతో, ఆయన అన్నట్టుగా, "చదువు అందరికీ అక్కర్లేదు" అని. చూసి నమ్మలేకపోయాను. ఆయన పోయి ఏడాది కూడా కాలేదు. ఆయన గుర్తుగా తెస్తున్న పుస్తకం అట్ట మీదా ఇదే మాట వేస్తున్నారట. ఆయన నిజంగా ఏమన్నారో, అన్న తరవాత ఏం చేశారో మా ఇంటికి తెలుసు.

మా చిన్నప్పుడు... మైలాపూరులో రైలు వంతెన పక్క సందులో ఉండేవాళ్ళం. నాయన కుర్చీలు అద్దెకిచ్చే కొట్టులో పని చేసేవాడు. ఎక్కడ సభ జరిగినా మూడు చక్రాల బండి మీద కుర్చీలు తోలుకెళ్ళి వేసేవాడు. అయిపోయాక మళ్ళీ ఎత్తుకురావాలి కాబట్టి, చివరిదాకా వెనకాల నిలబడి ఉపన్యాసాలన్నీ వినేవాడు.

అందరిలోకీ నాయనకు ప్లీడరు తాత మాటలంటే ఇష్టం. పక్క వీధిలోనే ఆయన ఇల్లు. కోర్టుకు పోవడం మానేశాక నెలకోసారి తన మేడ మీద సభ పెట్టేవారు. చెప్పేది ఎప్పుడూ ఒకటే... సర్కారు చిన్నదిగా ఉండాలి, మన ఆచారాలు మనమే నిలుపుకోవాలి, మన కష్టాలు ఒకరికొకరం తీర్చుకోవాలి, దేనికీ చట్టం కర్ర పట్టుకుని రాకూడదు.

వీధి కాలువ పూడుకుపోతే కార్పొరేషనుకు అర్జీ పెట్టనిచ్చేవారు కాదు. పంచె ఎగగట్టి తానే పార పట్టుకునేవారు. మడి మనిషి... ఆ తరవాత స్నానం ఎంతసేపో! సర్కారు ఉచితంగా టీవీలు ఇచ్చినప్పుడు కూడా వద్దన్నారు.

"అది ఎవరి డబ్బు మునిరత్నం? నీదీ నాదీ."

"అయితే మీ టీవీ కూడా నాకే ఇప్పించండి సామీ," అన్నాడు నాయన. తాత పడీపడీ నవ్వారు.

నేనప్పుడు ఎనిమిదో తరగతి. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. పిల్లలందరినీ బడికి పంపి తీరాలనే చట్టం రాబోతోందని ఊరంతా మాట్లాడుకుంటున్న రోజులవి. ఆ నెల సభ నుంచి నాయన ఈల వేసుకుంటూ వచ్చాడు.

"పాపా, రేపట్నించి బడి లేదు. ఎన్నూరులో మీ అత్త టిఫిను కొట్టుకు మనిషి కావాలంట. ఆడ ఉందువు."

"ఎందుకు నాయనా?"

"బిడ్డను బడికి పంపేదీ మానేదీ తండ్రి ఇష్టం, సర్కారుకేం పని అని ప్లీడరుగారే చెప్పినారు. అంత చదివినాయన!"

తాత అరుగు మీద కూర్చునే నేను ఇంగ్లీషు చదవడం నేర్చుకున్నాను... ఆయనా ఈ మాట అన్నది? పరుగెత్తాను.

"తాతా, మీరట్లా చెప్పినారా?"

"చెప్పాను. ఏం?" అన్నారు నవ్వుతూ.

"అయితే నేను రేపు ఎన్నూరు పోతావుండా."

నవ్వు అట్లాగే ఆగిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా నా వెంట వచ్చారు.

ఆయన్ని చూసి మా సందులో ఆడవాళ్ళు బిందెలు పక్కకు లాక్కున్నారు. ఆయన మా గుమ్మం బయటే నిలబడ్డారు.

"హక్కు నీదే అన్నాను మునిరత్నం. నువ్వు చేసేది మంచి పని అనలేదు."

"హక్కు నాదే కదా? సరి, అయిపోయె. లేకుంటే పోలీసును పిలస్తారా సామీ?"

"పిలవను. బతిమాలుకుంటాను."

అప్పుడు పొయ్యి దగ్గర్నించి అమ్మ లేచి వచ్చింది.

"ఏంది సామీ బతిమాలేది? ఇన్నేండ్లుగా ఈయన మీకు కుర్చీలు మోస్తా వుండాడు. ఒక్కనాడన్నా ఈడ గుక్కెడు నీళ్ళు తాగినారా? మా గడప తొక్కరు... మా బిడ్డ సంగతి మీకెందుకు?"

అమ్మ అట్లా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాయన "ఏమే!" అని మాత్రం అనగలిగాడు.

తాత తల వంచుకుని లోపలికి వచ్చారు. చేతిపట్టు విరిగిందని కొట్టువాళ్ళు నాయనకిచ్చేసిన కుర్చీలో కూర్చున్నారు.

"నీళ్ళివ్వమ్మా."

చుట్టాల ఇళ్ళలో కూడా ఏమీ ముట్టని మనిషి! బయట ఎవరో "అయ్యయ్యో" అన్నారు. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన మొత్తం తాగేశారు.

"సరే... ఈ ఏడు బడికి పోనీ," అన్నాడు నాయన, నేల చూస్తూ.

తాత మరుసటి ఏడూ వచ్చారు... ఆ పై ఏడూ. బడి తెరిచే ముందు సాయంత్రం, ఎవరూ పిలవకుండానే. "వచ్చినాడు మీ తాత, చెంబు కడుగు," అనేవాడు నాయన.

కానీ మా ఇంట్లో మొదటిసారి నీళ్ళు తాగిన మరుసటి నెల సభలోనే ఆయన మళ్ళీ అదే మాట చెప్పారని విని అదిరిపోయాను.

"ఇంత జరిగినాక కూడానా తాతా?"

"చట్టం ఉండుంటే ఒక అర్జీ రాసిపడేసి ఇంట్లో కూర్చునేవాణ్ణి కదమ్మా. మీ ఇంటికి వచ్చేవాణ్ణా?"

"మరి మీరు పోని సందులో పిల్ల సంగతేంది?"

"దానికి నా దగ్గర జవాబు లేదు," అన్నారు.

ఇప్పుడు నేను మాధవరంలో సర్కారు బడి టీచర్ని. ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజున "సర్కారు జీతమా!" అని నెత్తి కొట్టుకుని, "బాగా చెప్పు," అన్నారు తాత. చట్టం ఉండాలనే ఇవాళ్టికీ నా మాట. ఆయనతో నా వాదం తెగనే లేదు. కానీ చదువు అక్కర్లేదని ఆయన ఎన్నడూ అనలేదు... నేనే దానికి సాక్ష్యం.

అప్పట్లో తన మాట ఒకరికి తగిలిందని తెలిస్తే, అన్న మనిషి చెప్పుల్లేకుండా గుమ్మం దాకా వచ్చేవాడు... ఇప్పుడు మాట ఒక్కటే ఇంటింటికీ వస్తోంది. మనిషి రావడం లేదు.

పుస్తకం తెచ్చేవాళ్ళకు ఫోన్ చేశాను. "నీ ఒక్కదాని మాట మీద మార్చలేమమ్మా," అన్నారు. ఇరవై ఒకటో తేదీన అచ్చుకు పోతుందట. ఆ మేడ మీద కూర్చుని విన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే... మీ గుమ్మంలోకీ ఆయన అట్లా వచ్చి ఉంటే... ఈ నెల ఇరవైలోపు ఈ పోస్టు కిందే రాయండి. ఒక్క వాక్యమైనా చాలు.