కరియను పిలిచిన ఇనుము

ఇప్పుడు ఎవరైనా కుక్కను పట్టుకుని, పిలవగానే వచ్చేలా నేర్పమని మా ఇంటికి వస్తే మా ఆయన మొదట దాని పేరు అడగడు, వయసు అడగడు. "మీ చేను యాడ ఉండాదప్పా? ఆ పక్క ఏనుగులు తిరుగుతాయా?" అని అడుగుతాడు. తిరుగుతాయంటే చేతులు జోడించి, "గొలుసేసి ఇంటికాడ కట్టేసుకోండప్పా, నేను నేర్పను" అని పంపించేస్తాడు. వాళ్ళు నా మొహం చూస్తారు. నేనేం చెప్పను? ఆ పొద్దున చేనులో జరిగింది వాళ్ళు చూడలేదు కదా.

మా ఆయన పేరు ఆర్థర్. నేను ఎస్తరమ్మను. మా కాపురం మారికుప్పంలో, బంగారు గని వాళ్ళు కట్టిన లైను ఇళ్ళలో. ఆయనంత పిరికివాణ్ణి నేను నా జన్మలో చూడలేదు. ఈ మాట చాటున అనడం లేదు, ఆయన ముందే అంటాను. మీద బల్లి పడితే తలస్నానం చేసి ప్రార్థనకు కూర్చుంటాడు. ఉరిమితే దుప్పటి ముసుగేసుకుని, నన్ను కూడా వేసుకోమంటాడు. "గడియ పెట్టినావా ఎస్తరూ?" అని పడుకోబోయే ముందు అడుగుతాడు, పెట్టానంటే లేచి వెళ్ళి తనే చూసుకుంటాడు. పెళ్ళయిన కొత్తలో నవ్వొచ్చేది. తర్వాత ఒళ్ళు మండేది. ఆ తర్వాత అలవాటైపోయింది.

గనిలో ఆయన పని కూడా లోపలికి దిగేది కాదు. గనిలోకి దిగే నిలువు బావి, అంటే షాఫ్టు, దాని నోటి దగ్గర నిలబడి, మనుషుల్ని ఇనప పంజరం లాంటి కేజ్‌లోకి ఎక్కించి, తలుపు వేసి, తాడు లాగే ఇంజన్ డ్రైవరుకు గంట కొట్టాలి. "కిందికి పోవాలంటే భయం, అందుకే పైన నిలబడుకున్నా" అని సిగ్గూ ఎగ్గూ లేకుండా చెప్పేవాడు. ఆ గంటకు ఒక పద్ధతి ఉండేది. ఒక దెబ్బ కొడితే ఉన్నచోట ఆగిపొమ్మని. కింద నుంచి మూడు దెబ్బలు వస్తే మనుషులు ఎక్కారు, పైకి తెమ్మని. మా లైన్లలో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ ఇది తెలుసు.

ఒకసారి లోపల బండ పగిలింది. ఇంట్లో గిన్నెలు వాటంతటవే కింద పడ్డాయి. ఆడవాళ్ళమంతా చెప్పులు కూడా వేసుకోకుండా షాఫ్టు దగ్గరికి పరుగెత్తాం. మా తమ్ముడు సెల్విన్ ఆ పూట లోపలే ఉన్నాడు. మా ఆయన గంట పక్కన నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా అక్కడి నుంచి కదల్లేదు. ఎంతసేపటికో కింద నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. పైకి వచ్చినవాళ్ళ మీద ఒక మేస్త్రీ కేకలు వేయబోయాడు, పనిముట్లు యాడ పారేసి వచ్చినారని. మా ఆయన ఆ మేస్త్రీని పక్కకు నెట్టేశాడు. "కింద నుంచి పైకి వచ్చినోన్ని ఎవురన్నా తిడతారా?" అన్నాడు. కేజ్ దిగిన ప్రతివాడి చేతిలో ఒక టీ, ఒక బన్ను పెట్టాడు. సెల్విన్ ఆ బన్ను తింటూ ఏడ్చాడు, నేను వాణ్ణి పట్టుకుని ఏడ్చాను.

తర్వాత గనులు మూతపడ్డాయి. షాఫ్టుల చుట్టూ కంచెలు పడిపోయి ముళ్ళచెట్లు లేచాయి. కుందేళ్ళు, నెమళ్ళు, జింకలు మా లైన్ల దాకా రావడం మొదలైంది. లైన్లలో కుక్కలకు కొదవా? అవి జింకల వెంట పడేవి. అటవీశాఖ వాళ్ళు వచ్చి, ఎవరి కుక్క జింకను చంపితే వాళ్ళ మీద కేసు పెడతామని బెదిరించి పోయారు. అప్పటికి మా గుమ్మంలో ఒక నల్ల కుక్కపిల్ల చేరి ఉంది. దానికి కరియ అని పేరు పెట్టుకున్నాం. కేసు అనే మాట వినగానే మా ఆయనకు అన్నం సహించలేదు.

మరుసటి రోజు ఎక్కడి నుంచో రైలు పట్టా ముక్క ఒకటి తెచ్చి చూరుకు వేలాడదీశాడు. మూడు దెబ్బలు కొట్టడం, కరియ ముందు బన్ను ముక్క పెట్టడం. అంతే. ముందు ఇంట్లో, తర్వాత పొడవాటి తాడు కట్టి వీధిలో, ఆ తర్వాత కోళ్ళ మధ్య, మేకల మధ్య. చివరికి నెమళ్ళు తిరిగే గని మట్టి దిబ్బల మీద. బయటికి పోయేటప్పుడు నడుముకు ఒక ఇనప గొట్టం ముక్క, ఒక బోల్టు కట్టుకునేవాడు. పిలుపు ఒక్కసారే. కుక్క రాకపోతే మళ్ళీ కొట్టేవాడు కాదు, తాడు పట్టుకుని తనే దగ్గరికి లాక్కునేవాడు. ఎంత ఆలస్యంగా వచ్చినా బన్ను పెట్టాల్సిందే. నెమలి తోక నోటికి అందేంత దగ్గర నుంచి కూడా కరియ వెనక్కి తిరిగి రావడం నేను కళ్ళారా చూశాను. నాకే ముచ్చటేసింది, ఆయనతో మాత్రం అనలేదు.

ఆ సంగతి ఊళ్ళోకి పాకింది. రాబర్ట్‌సన్‌పేట నుంచి సుధీంద్ర అనే బ్యాంకు ఉద్యోగి, దూడంత కుక్కను కారులో తెచ్చాడు. అది టేకల్ దగ్గర ఆయన తోటలో నెమళ్ళను తరుముతోందట. దిబ్బ మీద వదిలితే చాలాసేపటికి తిరిగొచ్చింది. "ఇంతసేపు యాడికి పోయింటివి రా!" అని ఆయన గొలుసుతో ఒక్కటి వేశాడు. బల్లికి భయపడే మా ఆయన ఆ గొలుసు లాక్కున్నాడు.

"సార్, వచ్చినాడు గదా! వచ్చినోన్ని కొడితే ఇంగ మల్లా ఎందుకు వస్తాడు?"

సుధీంద్ర మంచివాడు, తల ఊపాడు. తర్వాత ఆయన కుక్క కూడా దారికొచ్చింది.

ఇక ఆ పొద్దు సంగతి. బూదికోట అవతల, గుట్ట కింద దొడ్డమునియప్ప అనే రైతుకు చేను ఉంది. అడవిపందులు రాగి చేను పాడు చేస్తున్నాయని, కోతలయ్యేదాకా కరియతో వచ్చి కాపలా ఉండమని మమ్మల్ని పిలిచాడు. చేను నడుమ మోటారు షెడ్డు. అందులోనే మా వంట, మా పడక. మా ఆయన పట్టా ముక్కను కూడా మోసుకొచ్చి షెడ్డు ముందు వేలాడదీశాడు. పందులు వస్తే కరియ మొరిగి తరిమేది, మూడు దెబ్బలు వినబడగానే తిరిగొచ్చేది. దొడ్డమునియప్ప సంతోషానికి అంతు లేదు. "ఏనుగులు కామసముద్రం పక్కకు వచ్చినాయంటప్పా, జాగ్రత" అని ఒక మాట మాత్రం అన్నాడు. మా ఆయనకు ఆ రాత్రి నిద్ర లేదు. "ఏనుగొస్తే ఏం చేస్తాం ఎస్తరూ?" అని నన్ను లేపి మరీ అడిగాడు. "నీ వణుకుడు చూసి అదే పారిపోతాది, పండుకో" అన్నాను.

నాకు అప్పటికే ఎడమ మోకాలు పాడైపోయింది. నడవగలను, పరుగెత్తలేను. ఇది మీరు గుర్తు పెట్టుకోవాలి.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మంచు దట్టంగా ఉంది. నేను పొయ్యి రాజేస్తున్నాను. చేను చివర, కోసి పెట్టిన రాగి కుప్పల దగ్గర కరియ మొరగడం మొదలుపెట్టింది. పందులనుకున్నాం. మా ఆయన దుప్పటి కప్పుకునే లేచి, ఎప్పటిలాగే పట్టా మీద మూడు దెబ్బలు కొట్టాడు. కొట్టిన తర్వాత మంచులో ఒక రాగి కుప్ప కదిలింది. అది కుప్ప కాదు. తొండం ఎత్తి అరిచింది చూడండి, నా పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో కట్టె ఎప్పుడు జారిపోయిందో తెలియదు.

పందుల దగ్గర నుంచి పిలిస్తే కుక్క ఒక్కటే వస్తుంది. జింకైనా నెమలైనా అటు పారిపోతుంది, కుక్క ఇటు వస్తుంది. ఇన్నేళ్ళు మేం చూసింది అదే. మేం గని మనుషులం, అడవి సంగతి మాకేం తెలుసు? కరియ మా వైపు తిరిగింది. ఏనుగు కరియ వెనక తిరిగింది.

"అయ్యో దేవుడా, ఇటే తెస్తాండాది!" అన్నాడు మా ఆయన.

కరియ ఒక్క ఉరుకున రాలేదు. ఆగి మొరుగుతోంది, మళ్ళీ ఉరుకుతోంది. అది ఆగి మొరిగినప్పుడల్లా ఏనుగుకు కోపం ఎక్కువవుతోంది. షెడ్డు చూస్తే సిమెంటు రేకులది, ఒక్క తోపుకు కూలిపోతుంది. గుట్ట మొదట్లో, మనిషి దూరేంత సందులున్న పెద్ద రాతిగుండ్లు దగ్గర్లోనే ఉన్నాయి, కానీ నా కాలితో అక్కడికి చేరలేను. మా ఆయన నా మోకాలి వైపు చూశాడు. గుండ్ల వైపు చూశాడు. నడుం తడుముకున్నాడు. దుప్పటి అక్కడే పారేసి గుండ్ల వైపు పరుగు తీశాడు.

నన్ను వదిలేసి.

"ఓరి నీ మొగం మండ! నన్నొదిలేసి పోతాండావా!" అని అరిచాను. భయం కంటే ముందు కోపం వచ్చింది, ఉన్న మాట చెబుతున్నాను. ఇన్నేళ్ళ కాపురం, ఇన్నేళ్ళ వంట. మంచులో కలిసిపోయాడు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నేను షెడ్డు గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. నేల అదురుతోంది, ఆ అదురు నా నడుం దాకా తెలుస్తోంది. కరియ నాలుక వేలాడేసుకుని నా ముందుకు వచ్చేసింది.

అప్పుడు గుండ్ల వైపు నుంచి గొట్టం మోగింది. మూడు దెబ్బలు.

కరియ నన్ను చూసింది. దానికి నేనంటే ప్రాణం, రోజూ అన్నం పెట్టేది నేనే. కానీ ఇనుము పిలిచింది. గిరుక్కున తిరిగి గుండ్ల వైపు దూసుకుపోయింది. ఏనుగు షెడ్డు మూల దాకా వచ్చి, దాని వెనకే మళ్ళింది. మంచుకు తడిసిన దాని డొక్క నా కళ్ళముందు నుంచి పోయింది, గోడ పోతున్నట్టు. దాని వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

నాకు అప్పుడు అర్థమైంది, ఆయన ఎందుకు పరుగెత్తాడో. ఆ ఏనుగును తన మీదికి పిలుచుకున్నాడు, నా పిరికి మొగుడు.

గుండ్ల దగ్గర ఏనుగు మళ్ళీ అరిచింది. రాళ్ళు దొర్లిన చప్పుడు. నేను గోడ పట్టుకుని లేచాను. ఏం చేయగలనో తెలియదు, ఆయన దగ్గరికి పోవాలి, అంతే. కుంటుతూ బయల్దేరాను. కాళ్ళ కింద ఎండిన రాగిపుల్లలు విరిగి చప్పుడయ్యాయి. గుండ్ల లోపల నుంచి ఒకే ఒక్క దెబ్బ వినబడింది.

ఒక దెబ్బ. ఆగిపొమ్మని.

ఆగిపోయాను. నా జన్మలో ఆయన మాట విన్నది ఆ ఒక్కసారే. చేను మధ్యలో అట్లాగే నిలబడ్డాను. తర్వాత గొట్టం మోగలేదు. కరియ మొరుగు కూడా ఆగిపోయింది. ఏనుగు ఊపిరి మాత్రం వినిపిస్తోంది, రాళ్ళ చుట్టూ తిరుగుతోంది. ఆనాడు షాఫ్టు దగ్గర నిలబడ్డట్టే ఉంది. ఆనాడు గంట పక్కన ఆయన ఉన్నాడు, చుట్టూ అంతమంది ఆడవాళ్ళం ఉన్నాం. ఇప్పుడు నేనొక్కదాన్నే.

నా కేక విన్నాడో, ఏనుగు అరుపు విన్నాడో, దొడ్డమునియప్ప ట్రాక్టరేసుకుని మనుషులతో వచ్చాడు. టపాకాయలు పేల్చారు, డబ్బాలు వాయించారు. పొద్దు పొడిచేటప్పటికి ఏనుగు గుట్ట ఎక్కి అవతలికి వెళ్ళిపోయింది. అందరూ కలిసి "ఆర్థరప్పా! ఓ ఆర్థరప్పా!" అని పిలిచారు. గుండ్ల సందు చీకటిగా, లోతుగా ఉంది. బదులు లేదు. ఒకడు వంగి చూసి, నా వైపు చూసి, తల దించుకున్నాడు.

"నువ్వు షెడ్డుకాడికి పోమ్మా ఎస్తరమ్మా. ఇంగ మేము చూస్తాంలే" అన్నాడు దొడ్డమునియప్ప.

ఆ 'చూస్తాంలే' అనే మాటకు అర్థం నాకు తెలియదా? షాఫ్టు దగ్గర అదే మాట చెప్పి ఎంతమంది ఆడవాళ్ళను ఇళ్ళకు పంపలేదు! నేను షెడ్డు దగ్గరికి వెళ్ళాను. వెళ్ళి, వేలాడుతున్న పట్టా ముందు నిలబడ్డాను. దాన్ని కొట్టే బోల్టు రెండుసార్లు చేతిలోంచి జారింది. ఉన్న బలమంతా పెట్టి మూడు దెబ్బలు కొట్టాను. పిలుపు ఒక్కసారే. మళ్ళీ కొట్టలేదు.

గుండ్ల సందులో దుమ్ము రాలింది. ముందు కరియ వచ్చింది, చెవులు వెనక్కి వేసుకుని, పొట్ట నేలకు రాసుకుంటూ. దాని వెనక, చేతులూ మోకాళ్ళ మీద, మా ఆయన వచ్చాడు. ఒళ్ళంతా గీరుకుపోయింది, లుంగీ తడిసిపోయింది. గొట్టం పిడికిట్లోనే ఉంది, వేళ్ళు విప్పుకోవడం రాలేదు. ఆయన్ను పట్టుకుని నడిపించుకొచ్చారు. నా ముందు నిలబడి నేల చూపులు చూశాడు.

"తిట్టద్దు ఎస్తరూ" అన్నాడు. "శానా భయమైపోయినాది. పిలిస్తే పలకను కూడా నోరు రాలేదు."

తిట్లు నా నోటినిండా ఉన్నాయి. కరియ కోసమని రొంటిన దోపుకున్న బన్ను తీసి, సగం కరియకు వేసి, సగం ఆయన నోటికి అందించాను.