నీళ్లడగడం రాని ఫ్రెంచి

ఇప్పటి పిల్లలు అదృష్టవంతులు. ఏ దేశపు భాష కావాలన్నా ఫోను ముందు నోరు తెరిస్తే చాలు, అదే మాట్లాడి పెడుతుంది. తప్పొస్తే సిగ్గుపడాల్సింది కూడా అదే. నేను డిగ్రీ పూర్తిచేసి ఊరి మీద పడ్డ రోజుల్లో (మరీ తాతలనాటి మాటేం కాదు, పన్నెండు పదమూడేళ్ల కిందటి సంగతి) పరాయి భాష రావాలంటే ముందు ఒక జిరాక్సు షాపు కావాలి, తర్వాత ఒక గురువు కావాలి, ఆపైన బొత్తిగా సిగ్గు లేకపోవాలి. మొదటి రెండూ నాకు ఖమ్మంలో దొరికాయి. మూడోది ఇంటి నుంచే తీసుకెళ్లాను.

మాది ఇల్లందు. నాయన బొగ్గు బాయిలో పనిచేసేవాడు. మా దిక్కు ఒక పద్ధతి ఉంది. తండ్రి ఆరోగ్యం చెడి, బాయి పని చేయలేడని డాక్టర్ల బోర్డు తేల్చేస్తే ఆ నౌకరి కొడుక్కు వస్తుంది. అందుకని మా లైను క్వార్టర్లలో కొడుకులు డిగ్రీ చదువుతుంటే తండ్రులు జబ్బులు చదివేవాళ్లు. పక్కింటాయన నడుం నొప్పి ఎంచుకుని, ఏడాదిపాటు వంగి నడవడం సాధన చేశాడు. కొడుక్కు వేరే ఊళ్లో నౌకరి దొరికాక మళ్లీ నిటారుగా నిలబడబోతే నడుం ఒప్పుకోలేదు. మా నాయన చెవుడు ఎంచుకున్నాడు. బోర్డు ముందు ఒక్కరోజు నటిస్తే దొరికిపోతాం, ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలని ఓ ఆదివారం అన్నం తింటూ ప్రకటించాడు. ఆ పూట నుంచే మొదలు. అమ్మ వంటింట్లోంచి ఎన్నిసార్లు పిలిచినా కదిలేవాడు కాదు. వెనకాల పళ్లెం కిందపడ్డా ఉలిక్కిపడేవాడు కాదు. చుట్టుపక్కలవాళ్లు పనిగట్టుకుని వచ్చి, ఆయన వీపు వెనక చప్పట్లు కొట్టి చూసి, ఏం నటన అని మెచ్చుకుని చాయ్ తాగి వెళ్లేవాళ్లు. అమ్మకైతే గర్వం ఆగేది కాదు. ఇన్నేళ్ల కాపురంలో తన మాట వినకపోవడం ఆయనకు బాగా అలవాటేనని, అందుకే ఇంత సహజంగా వచ్చిందని అందరికీ చెప్పేది.

నాకు మాత్రం గుబులు. ఎందుకంటే నాకు చీకటంటే చచ్చేంత భయం. బాత్రూములో బల్బు మాడిపోతే కొత్తది పెట్టేదాకా స్నానం మానేసే రకాన్ని. అలాంటివాణ్ణి పట్టుకుని భూమి కడుపులోకి దింపుతామంటే ఎలా? ఆ మాట బయటికి చెప్పలేక, తండ్రి దొంగ చెవుడు మీద వచ్చే నౌకరి నాకొద్దు, నా తెలివితో నేను తెచ్చుకుంటానని పెద్దగా అన్నాను. నాయన నా మొహంలోకి కాసేపు తేరిపార చూశాడు.

"ఆరు నెల్లు చూస్త," అన్నాడు. "నౌకరి దొరికిందా, బోర్డు మాటే ఎత్తను. దొరకలేదా, నువ్వు బాయిలకు దిగాలె."

అలా ఆరు నెలల గడువుతో ఖమ్మం వచ్చి ఖానాపురం హవేలిలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఆ వీధి చివరే గ్యారంటీ సారు కోచింగ్ సెంటరు. (అసలు పేరు వేరే. ప్రతి వాక్యం చివర "గ్యారంటీ" అనకుండా ఉండలేడు కాబట్టి ఆయనను అందరూ అలాగే పిలిచేవారు.) అక్కడ ఇంగ్లీషు అందరికీ చెబుతారు గనుక దానితో నౌకరి రాదని, ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచి వస్తే ఎవడూ ఆపలేడని ఆయన నన్ను కూర్చోబెట్టి బోధించాడు. సారుకు ఫ్రెంచి ఎలా వచ్చిందని అడిగే తెలివి అప్పట్లో నాకు లేదు. తర్వాత తెలిసింది, ఆయన దగ్గరున్నది ఎక్కడో దొరికిన ఒక పుస్తకంలో ఒకే ఒక్క అధ్యాయం తాలూకు జిరాక్సు. అందులో ఎడమవైపు ఇంగ్లీషువాళ్లు మాటల్లో వాడే పోలికలు, కుడివైపు వాటికి సరిపోయే ఫ్రెంచివాళ్ల పోలికలు, కింద సారు చేతిరాతతో తెలుగు ఉచ్చారణ. మొత్తం నలభై. అదే మా కోర్సు.

పొద్దున్నే ఇరవై మందిమి గొంతెత్తి వల్లె వేసేవాళ్లం. ఇంగ్లీషువాడు మొద్దులా నిద్రపోతే ఫ్రెంచివాడు ఎలుకకూ ఉడుతకూ మధ్యరకం జంతువులా నిద్రపోతాడు. ఇంగ్లీషువాడికి ఎద్దంత బలముంటే ఫ్రెంచివాడికి టర్కీవాడంత బలం. బక్కపల్చని మనిషి ఫ్రాన్సులో మేకులా ఉంటాడు. తేలికైన పని ఇంగ్లీషులో తీపిరొట్టెంత తేలిక, ఫ్రెంచిలో దండం పెట్టినంత తేలిక. ఏమీ వినపడనివాడు ఇంగ్లీషులో గుంజ, ఫ్రెంచిలో కుండ. అలసట లేకుండా కళకళలాడే మనిషిని ఇంగ్లీషువాడు పువ్వుతో పోలిస్తే ఫ్రెంచివాడు ఏటి చేపతో పోలుస్తాడనేసరికి, చేపల మార్కెట్టు పక్కనే ఇల్లున్న ఒకమ్మాయి ముక్కు మూసుకుని, ఫ్రాన్సులో చేప వాసన రాదా సార్ అని అడిగింది. అక్కడ చలి ఎక్కువ, రాదు, గ్యారంటీ అన్నాడు. ఇవన్నీ సరే, దాహమేస్తే ఫ్రెంచిలో నీళ్లెలా అడగాలని ఒకరోజు నేనడిగాను. అది రెండో లెవెల్లో వస్తుందన్నాడు. రెండో లెవెల్ ఎప్పుడూ మొదలు కాలేదు.

ఐదో నెలలో నా పంట పండింది. భద్రాచలం దారిలో, అడవి మొదలయ్యే చోట, కొత్తగా పెట్టిన ఒక రిసార్టుకు ఫ్రెంచి వచ్చిన గైడు కావాలన్నారు. మేనేజరు ఎదురుగా కూర్చోబెట్టి ఫ్రెంచిలో ఏదన్నా మాట్లాడమన్నాడు. నేను గుక్క తిప్పుకోకుండా మేకు, కుండ, చేప, టర్కీవాడు, ఉడుత, అన్నీ ఒకదాని వెనక ఒకటి, మధ్యలో చేతులు తిప్పుతూ, చివర్లో గొంతు కాస్త బరువు చేసి అప్పజెప్పాను. మేనేజరు కరిగిపోయాడు. అర్థమేంటని అడిగితే మన అడవి గొప్పదనం అన్నాను. వచ్చేవారం ఒక ఫ్రెంచి దొరసాని వస్తోంది, రెండు రోజులు తిప్పి చూపించు, ఆమె విజిటర్ల పుస్తకంలో నాలుగు మంచిమాటలు రాస్తే నౌకరి నీదే అన్నాడు. ఇంటికి ఫోను చేస్తే అమ్మ ఏడ్చినంత పని చేసింది.

దొరసానికి డెబ్బై ఏళ్లుంటాయి. పొద్దున్నే ఖమ్మం స్టేషన్లో రైలు దిగింది. నలిగిన బట్టలు, ఉబ్బిన కళ్లు. నేను దండ వేసి, మీరు ఏటి చేపలా ఉన్నారని ఫ్రెంచిలో స్వాగతం చెప్పాను. ఆమె తన బట్టలు ఒకసారి వాసన చూసుకుంది. డ్రైవరు పెట్టెలు ఎత్తుతుంటే ఇతనికి టర్కీవాడంత బలం అన్నాను. ఆమె డ్రైవరుకు టర్కీ భాషలో నమస్కారం పెట్టబోయింది. నేలకొండపల్లిలో పాత బౌద్ధ స్తూపం దగ్గర కారు దిగగానే ఆమె నన్ను ఫ్రెంచిలో ఏదో గబగబా అడిగింది. నేను కాసేపు ఆలోచించినట్టు నటించి, దండం పెట్టినంత తేలిక అన్నాను. ఆమె మళ్లీ అడిగింది, ఈసారి కాళ్లు కాస్త దగ్గరగా పెట్టుకుని. నేను మళ్లీ తేలికే అన్నాను. అప్పుడామె శుభ్రమైన ఇంగ్లీషులో, బాబూ, మనం ఇంగ్లీషులో మాట్లాడుకుందామా, నాకు అర్జంటుగా బాత్రూముకు వెళ్లాలి అంది.

ఆమె తిరిగి వచ్చాక నేను నిజం మొత్తం కక్కేశాను. జిరాక్సు కాగితాలు కూడా చూపించాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని చదివి చదివి, స్తూపం మెట్ల మీద కూర్చుని కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. వీటిలో సగం మా అమ్మమ్మతోనే పోయాయి, మళ్లీ ఇక్కడ వింటున్నానంది. ఆమెకు నా మీద కోపం రాలేదు, నాకు అదే ఆశ్చర్యం. దారిలో తన సంగతి చెప్పింది. వాళ్ల ఊళ్లో ఏళ్ల తరబడి పిల్లలకు చెవుల పరీక్షలు చేసి రిటైరైందట. నేనూ మా సంగతి చెప్పాను, బొగ్గు బాయి గురించి. అయితే ఆ కార్మికుడి ఇల్లు చూపించమంది. ఎలాగూ దారి కాస్త తిప్పితే ఇల్లందే.

కారు మా లైన్లోకి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. నాయన మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, ముంగిట్లో మంచం మీద కూర్చున్నాడు. దొరసాని వచ్చిందని వీధంతా పోగైంది. నా జీవితంలో అంతమంది నన్ను చూడటం అదే మొదలు. ఒళ్లు తెలియలేదు. నాయన వైపు వేలు చూపించి, నా ఫ్రెంచి అందరికీ వినపడేలా, ఈయన కుండంత చెవిటి అన్నాను. తెలుగులో కూడా చెప్పాను. ఆ తర్వాత దొరసానికి ఇంగ్లీషులో వివరించాను, నిజం చెవుడు కాదు, బోర్డు కోసం చేస్తున్న నటన, మా వీధిలో ఈయనే నంబర్ వన్ అని. వీధంతా గొల్లుమంది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మమ్మల్నందరినీ ఒకసారి చూసి, ఆ తర్వాత నాయన కూడా నవ్వాడు.

దొరసాని నవ్వలేదు. చాయ్ గ్లాసు, చెంచా పట్టుకుని లేచి, మంచం చుట్టూ తిరిగి నాయన వెనక్కి వెళ్లింది. చెంచాతో గ్లాసు మీద మెల్లగా కొట్టింది. తర్వాత గట్టిగా. తర్వాత ఆయన చెవి పక్కనే. నాయన ముంగిట్లో గింజలు ఏరుకుంటున్న కోడిని చూస్తూ కూర్చున్నాడు. ఆమె నా వైపు చూసి, పిలవమని సైగ చేసింది. నేను వెనక నిలబడి నాయనా అన్నాను. ఇంకోసారి అన్నాను. మూడోసారి నా గొంతు నాకే వింతగా వినపడింది. ఇన్ని రోజులూ ఆయన రెప్ప కూడా వేయకపోతే నటన అనుకున్నాం. ఎంతటి నటుడైనా చెవి పక్కన గ్లాసు మోగితే మెడ మీద నరమన్నా కదులుతుందని దొరసాని నాకు మెల్లగా చెప్పింది. వీధిలో నవ్వు ఆగిపోయింది. నాయనకు ఏమీ తెలియదు గనుక, కాసేపటికి తలెత్తి మా మొహాలు చూశాడు. ముందు అమ్మను, తర్వాత నన్ను.

"తెల్సిపోయిందా?" అన్నాడు.

అమ్మ వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది. ఎప్పటిసంది అని అడిగింది. ఆయన ఆమె పెదాల వైపే చూస్తూ చెప్పాడు.

"నాలుగేండ్లయింది. బాయిల ఇనపడ్డట్టు ఉండుడు కష్టమైతాంది. యాక్టింగ్ అని చెప్తే ఇంట్లనన్న ఇనపడనట్టు ఉండొచ్చు గదా అని గట్ల చెప్పిన."

కింద పని ఎలా చేస్తున్నావని ఏడుస్తూ అడిగింది అమ్మ. తోటివాళ్ల టోపీలైట్లు చూసి నెట్టుకొస్తున్నానన్నాడు. లైటు ఎటు ఊగితే ఏం చేయాలో కళ్లకు తెలుసు కదా అన్నాడు. ముందే చెప్పి బోర్డుకు పోవచ్చు కదా అని అరిచాను నేను. అరిస్తే వినపడదన్న సంగతి కూడా మర్చిపోయాను.

"పోతే నౌకరి నీకొస్తది," అన్నాడు నాయన. "నీకు చీకటంటే భయమని నాకెర్కే. నువ్వు వేరే ఏదన్న చూసుకునేదాక ఆగుదామనుకున్న."

నేను అక్కడ నిలబడలేక ఇంటి వెనక్కి వెళ్లి ఏడ్చాను. ఎవరి తండ్రి చెవుడును ఎవరి ముందు ఏ భాషలో చాటానో తలచుకుంటే ఇప్పటికీ నాకు చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. దొరసాని వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు ఆమె ఏ భాషలో ఏం చెప్పిందో నాకు గుర్తు లేదు.

మర్నాడు వెళ్లేటప్పుడు ఆమె రిసార్టు పుస్తకంలో అరపేజీ ఫ్రెంచిలో రాసింది. మేనేజరు సంబరపడిపోయి, సిబ్బందినంతా పిలిచి, నన్ను గట్టిగా చదివి అర్థం చెప్పమన్నాడు. నాలుగు పోలికలు గుప్పించి బయటపడటం నాకేం కష్టం కాదు. కానీ నా కోసం ఒక మనిషి నాలుగేళ్లు వినపడినట్టు నటించాడని తెలిశాక, ఇంకొక్క నటన చేయడానికి నోరు రాలేదు. నాకు ఫ్రెంచి రాదు సార్ అన్నాను. మేనేజరు నన్ను పంపించేశాడు గానీ ఆ అరపేజీకి మాత్రం ఫ్రేము కట్టించి రిసెప్షన్లో వేలాడదీశాడు. అందులో ఏముందో అక్కడ ఎవరికీ తెలియదు. ఫోనుతో చదివించుకోవచ్చని ఇప్పుడు మా అబ్బాయి అంటాడు. నేను వెళ్లలేదు.

నాయన బోర్డుకు వెళ్లాడు. ఏ నటనా అక్కర్లేకుండానే తేలిపోయింది. ఆర్డరు నా పేరు మీద వచ్చింది. ఈసారి నన్ను ఎవరూ బలవంతం చేయలేదు, వద్దనే అన్నారు, నేనే దిగుతానన్నాను. ధైర్యం వచ్చి కాదు, భయం అలాగే ఉంది. ఇప్పటికీ షిఫ్టు మొదట్లో కాసేపు ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలు నన్ను ఫ్రెంచి అన్న అంటారు. తిండి తినే టైములో మేకు, కుండ, టర్కీవాడు చెప్పించుకుని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నలభై పోలికలతో ప్రపంచాన్ని జయించబోయిన ఆ ఇరవై రెండేళ్ల పండితుణ్ణి తలచుకుంటే నవ్వక ఏం చేస్తాం?

మొదటి షిఫ్టుకు ముందు రోజు, పొద్దు వాలే వేళ, నాయన టార్చిలైటు పట్టుకుని నన్ను ముంగిట్లో నిలబెట్టాడు. అడ్డంగా ఊపితే ఆగు, పైకీ కిందికీ ఊపితే రా, గుండ్రంగా తిప్పితే వెనక్కి పో. చదువు చెప్పినట్టు పదిసార్లు చూపించి, టార్చి నా చేతికిచ్చి, గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. నేను రమ్మని ఊపాననుకున్నాను, చెయ్యి గుండ్రంగా తిరిగిందని తర్వాత తెలిసింది. ఆయన నా వైపే చూస్తూ, గేటు అవతలి బురద కాలవలోకి వెనక్కి వెనక్కి నడిచాడు. చీలమండ దాకా దిగబడ్డాక ఆగి పకపకా నవ్వాడు. అమ్మకూ నాకూ ఇంకా సంగతి అర్థమే కాలేదు. ఆ రోజు మాకంటే ముందు నవ్వింది నాయనే.