టీచర్‌కు పిడికెడు బియ్యం

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. చేతిలో కొత్త బీఈడీ పట్టా, దేశాన్ని బాగుచేసే పని నామీదే పెట్టారని గట్టి నమ్మకం. (దేశానికి ఆ సంగతి తెలియదు, అది వేరే మాట.) శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు వచ్చి రెండు మూడేళ్లయి ఉంటుంది. మామిడిపల్లి దగ్గర ఒక ఊళ్లో, కిరాయి ఇంట్లో నడిచే చిన్న ప్రైవేటు బడిలో నాకు నాలుగో తరగతి అప్పజెప్పారు. రాజేంద్రనగర్‌లో మా ఇంటి నుంచి రెండు బస్సులు మారి పోయేదాన్ని. నెత్తిమీంచి విమానం పోయినప్పుడల్లా పాఠం ఆపాల్సిందే. నేను "మన దేశానికి" అని అక్కడే నోరు తెరుచుకుని నిలబడితే, పిల్లలు ఆ సందులో గిల్లుకోవడం, తన్నుకోవడం అన్నీ ముగించుకుని, చప్పుడు ఆగగానే చేతులు కట్టుకుని "స్వాతంత్ర్యం టీచర్" అని అందించేవాళ్లు.

ఆ ఏడు ఈస్టరుకు ముందు నలభై రోజులు మధ్యాహ్నం అన్నం ముట్టనని మొక్కుకున్నాను. ఊరికే కాదు, సర్కారు టీచర్ పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తున్నాను. దేవుడికీ నాకూ మధ్య ఒప్పందం సాఫ్‌గా ఉంది: నలభై రోజులు నావి, నౌకరీ ఆయనది. మా ఇళ్లల్లో ఉపవాసానికి ఒక కట్టుబాటు ఉంది. ఉన్నట్టు పదిమందికి కనబడొద్దు. ముఖం కడుక్కుని, తలకు నూనె రాసుకుని, నవ్వుతూ తిరగాలి. చెప్పుకుంటే ఫలం పోతుందని మా అమ్మ మరీ మరీ చెప్పింది. కనుక నేను బడికి అన్నం డబ్బా తీసుకుపోవడం మానేశాను, ఎవరికీ కారణం చెప్పలేదు. ఆడంబరం వద్దని రెండే తెల్లచీరలు మార్చి మార్చి కట్టాను. పిల్లలు అన్నాలు తింటుంటే కిటికీ పక్కన కూచుని, సీసాలో నీళ్లు తాగుతూ, అందర్నీ చూసి నవ్వుతూ ఉండేదాన్ని.

ఇంతలో సేవా సంస్థల పాఠం వచ్చింది. పుస్తకంలో ఎవరో ఎవరికో దుప్పటి ఇస్తున్న బొమ్మ, కింద నాలుగు ప్రశ్నలు. నాలాంటి గొప్ప టీచర్‌కు అది సరిపోతుందా? పుస్తకం మూసి మా ఇంటి ముచ్చట చెప్పాను. మా అమ్మ అన్నం వండేముందు ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో పోస్తుంది, ఆదివారం అది చర్చికి పోతుంది, అక్కడినుంచి లేనివాళ్లకు పోతుంది. మీరూ ఒక సంస్థ పెట్టండి అన్నాను. మన చుట్టుపక్కల ఎవరికి కష్టముందో కళ్లు పెట్టి చూడండి. ముఖం మీద అడగొద్దు, మర్యాదస్తులు ఆకలైనా వద్దనే అంటారు. తీసుకునేవాళ్లు మనకంటే తక్కువ కాదు, రేపు మనమూ తీసుకోవచ్చు. అన్నీ చెప్పి చివర ఒక మెరుపు మెరిశాను: "ఎవరికి సాయం చేస్తరో నాక్కూడ చెప్పొద్దు." ఆ మాటకు నన్ను నేనే మనసులో భుజం తట్టుకున్నాను.

సంస్థకు పెద్ద ఎవరో ఎన్నుకోవాల్సిన అవసరం రాలేదు. ముందు బెంచీలో రెండు జడల పిల్ల ఒకతి ఉండేది, మేమంతా సర్పంచ్ అని పిలిచేవాళ్లం. సుద్దముక్కల పంపకం నుంచి కొట్లాటల తీర్పుల దాకా ఆమెదే రాజ్యం. మర్నాటి నుంచి సర్పంచ్ నా వెంట పడింది. "టీచర్, మీ ఇంట్ల ఎంతమంది?" "పొద్దుగాల ఏం తిన్నరు?" "మీకు గీ చెప్పులేనా, ఇంకా ఉన్నయా?" ప్రశ్నలు అడగడం నేర్చుకుంటోందని మురిసిపోయాను. మా పెద్దసారుకు, అంటే హెడ్మాస్టరుకు, గొప్పగా చెప్పాను కూడా. ఊళ్లో ఆడవాళ్లు బస్సులో లేచి నాకు సీటిస్తుంటే చదువుకున్న పిల్లనని గౌరవం అనుకున్నాను. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని "ధైర్యంగ ఉండు బిడ్డా, దినాలన్నీ ఒక్క తీరుగ ఉండయి" అంటే, పరీక్ష ఫలితం సంగతి ఈమెకెట్ల తెలుసబ్బా అని ఆశ్చర్యపోయాను. ఇంత తెలివి ఒక్క మనిషిలో ఎట్లా పట్టిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ముప్పై మూడో రోజు. అన్నం గంట కొట్టారు గానీ ఎవరూ డబ్బాలు తీయలేదు. సర్పంచ్ వాళ్ల నాయనమ్మ మూతపెట్టిన గిన్నెలతో తరగతిలోకి వచ్చింది. వెనక ఇద్దరు పిల్లలు ఒక బియ్యం సంచిని చెరో పక్క పట్టుకుని వస్తున్నారు. నా బల్ల మీద వేడన్నం, పచ్చిపులుసు, కోడిగుడ్డు కూర పెట్టారు. నేను సంబరంగా "ఎవరికమ్మా ఇది? ఎవర్ని ఎంచుకున్నరు?" అన్నాను. సర్పంచ్ చేతులు కట్టుకుని, పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది.

"మా సంస్థకు మీరే దొరికిండ్రు టీచర్. నెల సంది డబ్బా తెస్తలేరు. రెండే చీరెలు. నీళ్లు తాగి కడుపు నింపుకుంటున్నరు. మాకు తెల్వద్దని నవ్వుతున్నరు."

నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. అమ్మ చెప్పిన నవ్వు ఎంత బాగా నవ్వితే వీళ్లు అంతగా జాలిపడ్డారన్నమాట. "నాకు ఆకలి లేదమ్మా" అన్నాను. తరగతి మొత్తం ఒకరి ముఖం ఒకరు చూసుకుంది. సర్పంచ్ ఎంతో ఓపికగా "మీరే చెప్పిండ్రు గద టీచర్, మర్యాదస్తులు గట్లనే అంటరని" అంది. ఉపవాసమని చెబుదామా అంటే కట్టుబాటు తప్పుతుంది, చెప్పినా నమ్మేట్టు లేరు. వాళ్ల ఇళ్లల్లో శనివారం ఒక్కపొద్దు ఉంటారు, సాయంత్రం కాగానే కడుపునిండా తింటారు. నెలరోజులు ఒక్కపొద్దుండే మనిషిని వాళ్లెక్కడ చూశారు? తిందామా అంటే ఇంకా ఏడు రోజులే ఉన్నాయి. ఏడు రోజులు దాటితే నా నౌకరీ. ఆ ముద్ద నోట్లో పెట్టుకుంటే సర్కారు బడి నా చేతులారా నేనే వదులుకున్నట్టని నిజంగా నమ్మాను.

అప్పుడు నాయనమ్మ దగ్గరికొచ్చి మెల్లగా అంది. "తిను బిడ్డా. టీచర్ తినకుంటే మేము గూడ తినమని పొద్దటి సంది పోరలు ఒట్టు పెట్టుకున్నరు. చాయ గూడ తాగలేదు మా పిల్ల." చూస్తే ముప్పై మంది, మూతలు తీయని డబ్బాల మీద చేతులు పెట్టుకుని, నావైపే చూస్తున్నారు. నాకోసం ఉపవాసం ఉన్నారు. అదీ నాలాగా నౌకరీ కోసం కాదు.

తిన్నాను. పచ్చిపులుసు పోసుకుని కలిపి పెద్ద ముద్ద పెట్టుకున్నాను. కళ్లల్లో నీళ్లు తిరిగితే కారమన్నాను. ఒక్కసారిగా ముప్పై డబ్బాల మూతలు టపటపా తెరుచుకున్నాయి. సర్పంచ్ మాత్రం నా పక్కనే నిలబడి "రేపు రెండో బెంచోళ్ల వంతు టీచర్, ఎల్లుండి మూడో బెంచు" అని చెప్పింది. అంటే మిగిలిన ఏడు రోజులూ ఇగ గోవిందా.

సాయంత్రం బియ్యం సంచి మోసుకుని ఇంటికి పోయి అమ్మ ముందు కూలబడ్డాను. అమ్మ అంతా విని, సంచి మూతి విప్పి చూసింది. తెల్లవి, ఎర్రవి, సన్నవి, దొడ్డువి, రేషన్‌వి, ముప్పై ఇళ్ల బియ్యం కలిసి ఉన్నాయి. ఆదివారం చర్చికి ఇచ్చేద్దామా అన్నాను. "ఇయ్యొద్దు. మనకిచ్చిండ్రు, మనమే తినాలె" అంది. పుట్టి బుద్ధెరిగాక మా ఇంటి నుంచి బియ్యం పోవడమే చూశాను, రావడం అదే మొదలు. ఈస్టరు రోజు అవే వండింది. సన్నవి మెత్తబడి, దొడ్డువి పలుకు మిగిలి, అంత అధ్వాన్నమైన అన్నం నేనెన్నడూ తినలేదు. నాయన మాత్రం రెండోసారి పెట్టించుకున్నాడు.

ఆ ఏడు నౌకరీ రాలేదు. పచ్చిపులుసు వల్లే పోయిందని నెల్లాళ్లు రహస్యంగా ఏడ్చాను. (తరవాత మార్కులు చూసుకుంటే లెక్కల వల్ల పోయిందని తేలింది.) మరోసారి రాస్తే వచ్చింది. ఆ ఇరవై రెండేళ్ల పిచ్చి పిల్లను ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. తీసుకునేవాళ్లు తక్కువ కాదని పిల్లలకు అంత ధాటిగా చెప్పింది గానీ, తన బల్ల మీదికి గిన్నె వచ్చేసరికి పారిపోవాలని చూసింది. ఉపవాసాలు ఇప్పటికీ ఉంటాను, బేరాలు మాత్రం మానేశాను. ఆ నలభై రోజులూ బడికి డబ్బా తప్పకుండా తీసుకుపోతాను. లోపల ఏమీ ఉండదు, పిల్లలకు అనుమానం రాకుండా బల్ల మీద పెట్టుకుంటానంతే. మొన్న ఒక చిన్న పిల్ల బల్ల తుడుస్తూ ఆ డబ్బా ఎత్తింది. చేతిలో బరువు చూసింది, నా ముఖం చూసింది, తిరిగి పెట్టేసి పోయి పక్కపిల్ల చెవిలో ఏదో చెప్పింది. మళ్లీ గిన్నెలొస్తాయేమోనని నాకు భయమేసింది. నిజం చెప్పొద్దూ, కొంచెం ఆశగా కూడా ఉంది.