మనవరాలి నక్షత్రం మీద పాత పేరు

మనవరాలి తొలి క్రిస్మస్ అని, చెట్టుకు కట్టడానికి ఒక గుడ్డ నక్షత్రం మీద ఎర్రదారంతో "రూతు" అని కుట్టాను. నిజానికి కోడలు కడుపుతో ఉన్నప్పుడే, మగపిల్లాడే పుడతాడనుకుని దాని మీద "సమూయేలు" అని కుట్టి పెట్టుకున్నాను. ఆడపిల్ల పుట్టాక ఆ దారం విప్పేశాను.

ఈ రోజు కోడలు ఆ నక్షత్రాన్ని సీరియల్ బల్బుల ముందు పట్టుకుని చూసింది. పాత సూది రంధ్రాల్లోంచి వెలుతురు అక్షరాలుగా కనబడింది.

"అత్తమ్మా, గీ సమూయేలు ఎవలు?"

"గుడ్డనే గట్లున్నది బిడ్డా. సాంచె మీదనే బొక్కలు వడ్డయి."

కోడలు పాపను నా ఒళ్లో పెట్టి, నక్షత్రాన్ని కొమ్మకు కట్టింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మరమగ్గాల ఊరు సిరిసిల్లలో పుట్టి పెరిగిన నేను, నా తప్పును సాంచె మీదికి, అంటే ఆ మగ్గం మీదికే నెట్టాను. పేర్లు రాసే మగ్గాన్ని మీలో ఎవరైనా చూశారా?