ఐదున్నర అడుగుల మంచం

జూబ్లీహిల్స్‌లో నేను కట్టినన్ని బంగళాలు ఇంకెవరూ కట్టి ఉండరు. అన్నీ ప్లైవుడ్‌వే. సినిమాలకు సెట్లు వేస్తూ పాతికేళ్లు ఫిల్మ్‌నగర్‌లో గడిపాను. నేను కట్టిన ఇళ్లల్లో పెద్ద పెద్ద కుటుంబాలు చల్లగా కాపురాలు చేసేవి, నేనూ మా ఆవిడా మాత్రం అద్దె పోర్షన్‌లో ఉండేవాళ్లం. ఒకరోజు ఇంటి ఓనరు పాతది పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టిస్తున్నానని, మూడు నెలల్లో ఖాళీ చేయమన్నాడు. స్కూల్లో టీచరుగా చేసే ఆవిడ "ఇక మళ్లీ అద్దెకు వద్దండీ" అంది. మేం దాచుకున్నదానికి ఫిల్మ్‌నగర్‌లో వంటగది కూడా రాదు. నగరం చివర్లకు వెళ్లాల్సిందే.

ఏ శివారు పెరుగుతుందో చెప్పడంలో మా యూనిట్‌లో ప్రతివాడూ జ్యోతిష్కుడే. మేకప్ ఆయన ఒక వైపు చూపిస్తే కెమెరా అసిస్టెంటు ఇంకో వైపు చూపించాడు. ఇవాళ కొంటే రేపటికి రెట్టింపన్నారు అందరూ. వాళ్లలో కొన్నవాడు ఒక్కడూ లేడు. అయినా నాకెవరి సలహా ఎందుకనుకున్నాను. ఇళ్లు కట్టి చూపించడమే నా వృత్తి, నా కన్నుగప్పేదేముందని ధీమా.

రింగ్ రోడ్డు అవతల, కొత్తగా పెరుగుతోందన్న చోట ఒక ప్రాజెక్టు నచ్చింది. స్థలం ఎక్కడో దూరాన ఉంటే, కొనేవాళ్లకు చూపించే మోడల్ ఫ్లాట్ మాత్రం జూబ్లీహిల్స్ మెయిన్ రోడ్డు మీద పెట్టారు. లోపల ఏసీ, కాఫీ, కిటికీ బయట పచ్చని కొండలు, చెరువు. అది వెనక నుంచి లైట్లు వేసిన ఫొటో తెర అని చూడగానే తెలిసింది. మేమూ సెట్ కిటికీల వెనక అదే కడతాం. తెలిసినవాణ్ణి జాగ్రత్తపడాల్సింది పోయి ముచ్చటపడ్డాను. లైటు కాస్త ఎడమకు జరిపితే తెల్లవారినట్టు ఉంటుందని మార్కెటింగ్ ఆయనకు సలహా కూడా ఇచ్చాను. ఆయన ఫోన్‌లో రాసుకున్నాడు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

బుకింగ్ రోజున మా సెట్ల కార్పెంటర్ మేస్త్రిని వెంట తీసుకెళ్లాను, అల్మారాలకు ఎంత చెక్క పడుతుందో చూస్తాడని. ఇరవై ఏళ్లుగా నాతో పనిచేస్తున్న మనిషి. ఎక్కడికెళ్లినా ముందు తలుపు చెక్క తట్టి చూస్తాడు. ఆ రోజు మాత్రం చేతులు కట్టుకుని ఓ మూల నిలబడ్డాడు. మార్కెటింగ్ ఆయన ఫారాల కోసం వెళ్లాడు. మా ఆవిడ చెక్కుబుక్కు బయటికి తీసి పెన్ను వెతుక్కుంటోంది.

"సార్, జర ఆ మంచం మీద పండుండ్రి," అన్నాడు మేస్త్రి.

"ఇప్పుడా?"

"ఒక్కసారి పండుండ్రి సార్."

చెప్పులు విడిచి పడుకున్నాను. నా పాదాలు రెండూ మంచం దాటి గాల్లో ఉన్నాయి.

"ఆ మంచం నేనే చేసిన సార్. ఐదున్నర అడుగులే. సోఫా గూడ చిన్నదే. గదులు పెద్దగ కనవడాలని గట్ల చేయమన్నరు. మామూలు మంచం ఏస్తే అల్మారా తలుపు తెరుచుకోదు."

"ముందే చెప్పొచ్చు కదా మేస్త్రీ?" కాస్త విసురుగానే అడిగాను.

"మీరు చూడంగనే కనిపెడ్తరనుకున్న సార్. గిది మీరు నేర్పిందే గద."

నిజమే. ఒకప్పుడు ఇరుకు స్టూడియో ఫ్లోర్‌లో పెద్ద పడకగది చూపించాల్సి వచ్చి, మంచం పొట్టిగా చేయమని నేనే కొలత ఇచ్చాను. తల కొట్టేసినట్టయింది. లేచి చూసేసరికి మార్కెటింగ్ ఆయన ఫారాలతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. మా ఆవిడ చెక్కుబుక్కు సంచిలో పెట్టేసి, "ఇంటికెళ్లి ఆలోచిస్తామండీ," అంది.

ఆ తర్వాతి మంగళవారం మేస్త్రే మమ్మల్ని ఆ స్థలం చూడటానికి తీసుకెళ్లాడు. ఆదివారం వెళ్తే చూడటానికి వచ్చినవాళ్లే కనిపిస్తారు, అక్కడ ఉండేవాళ్లు తెలియరని ఆయన లెక్క. చుట్టూ అపార్ట్‌మెంట్లు చాలానే లేచాయి గానీ, బట్టలు ఆరేసిన బాల్కనీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "జాకెట్లు కుట్టే టైలర్ యాడన్న ఉన్నడేమో చూడమ్మా," అన్నాడు. వీధి వీధీ తిరిగాం, లేడు. సంసారాలు కుదురుకున్నాకే టైలర్ వస్తాడట, మిక్సీలు బాగుచేసేవాడు వస్తాడట. దారిలో నీళ్ల ట్యాంకర్ డ్రైవర్ని పలకరిస్తే, ఇటు కొళాయి నీళ్లు ఇంకా రాలేదని, తనకు తిండి తినడానికి కూడా తీరిక లేదన్నాడు. ఆ చోటు రేపు పెరగొచ్చు, కాదనను. మాకు ఇల్లు కావాల్సింది వచ్చే నెలకు.

చివరికి నగరానికి ఇంకో పక్క, పెద్దగా పేరు లేని కాలనీలో పాత ఫ్లాట్ కొన్నాం. చిన్నదే. వీధిలో ఇద్దరు టైలర్లున్నారు, వాళ్లిద్దరికీ పడదు. కొళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. పొద్దున్నే ఆ కొళాయి చప్పుడు వింటూ ఎన్నిసార్లు మేస్త్రిని తలుచుకుని మనసులో దండం పెట్టుకున్నానో.

కొత్తింటి ప్రార్థనకు పాస్టరుగారు, కొద్దిమంది బంధువులు వచ్చారు. ఇల్లు కట్టిన మేస్త్రికి బట్టలు పెట్టడం మా గుంటూరు వైపు అలవాటు. ప్రార్థన అయ్యాక మా ఆవిడ మేస్త్రిని కుర్చీలో కూర్చోబెట్టి, కొత్త బట్టలు పళ్లెంలో పెట్టి ఇచ్చింది. ఆ మోడల్ ఫ్లాట్ వాళ్లు ఆయన్ని మళ్లీ పనికి పిలవలేదని అప్పటికే మాకు తెలిసింది.

"గీ ఇంట్ల నేను ఒక్క మేకు గూడ కొట్టలేదమ్మా," అన్నాడు.

"మీరు ఆ రోజు నోరు విప్పకపోతే ఈ ఇల్లు మాకు ఎక్కడిదండీ," అంది మా ఆవిడ.

ఆయన బట్టలు ఒళ్లో పెట్టుకుని మడతలు సర్దాడు. "మీకంటె ముందు మస్తుమంది గా గదిల నిలవడి సంతకాలు పెట్టిన్రమ్మా. రిపేర్లకు పోయినప్పుడల్ల చూసేటోణ్ణి. ఒక్కరికి గూడ చెప్పలె."

"వాళ్లు మిమ్మల్ని అడగలేదు కదండీ."

"మీరు గూడ అడగలేదమ్మా."

పాస్టరుగారు అప్పటికే బైబిల్ సంచిలో పెట్టుకుని లేవబోతున్నారు. ఇంకొక్క ప్రార్థన చేయమని అడిగాను. ఎవరి కోసమన్నారు. పేర్లు తెలియవండీ అన్నాను.