కాటా మావయ్య బిగించిన నాలుగు కిలోలు

గాలాల దుకాణం వెనక గదిలో, కిటికీ పక్కన ఉన్న బల్ల దగ్గర ముప్పై ఏళ్ళుగా ఒకే మనిషి కూర్చుంటున్నాడు. ఆయనకూ తల్లిదండ్రులు ఓ పేరు పెట్టే ఉంటారు. వీధిలో మాత్రం అందరికీ ఆయన కాటా మావయ్యే.

చేపలు పట్టే రీలుకు ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని డ్రాగ్ అంటారు. చేప గుంజినప్పుడు రీలు ఎంత బిగువు మీద దారం వదలాలో ఆ మర చూసుకుంటుంది. అది వదులైతే చేప దారమంతా లాక్కుని మునిగిన దుంగల కిందికి పోతుంది. మరీ బిగుతైతే దారం పుటుక్కున తెగుతుంది. లోకమంతా దాన్ని చేత్తో లాగి చూసుకుని, సరేలే అనుకుంటుంది. మావయ్య దగ్గర సరేలే కుదరదు. గాలం కర్రను బల్లకు బిగించి, దారం కొసను స్ప్రింగు కాటా కొక్కేనికి కట్టి, మెల్లగా లాగుతాడు. పన్నెండు కిలోలకు తెగే దారమైతే కాటా ముల్లు నాలుగు దగ్గరికి రాగానే రీలు దారం వదలాలి. మూడున్నరకు వదిలినా ఒప్పుకోడు, నాలుగుంబావుకు వదిలినా ఒప్పుకోడు.

"చేతిని నమ్మితే చెడిపోతారు, కాటాను నమ్మండి," అనేవాడు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ. ఆ మాట చెప్పేటప్పుడు ఎదుటివాణ్ణి చీమకన్నా హీనంగా చూసేవాడు. పని గొప్పది, నోరు చెడ్డది. జనం పని కోసం వచ్చి, నోటిని భరించి, బయటికి వెళ్ళాక తిట్టుకునేవాళ్ళు.

ఆయన దగ్గర పని నేర్చుకున్నది ఒక్కడే, సొంత అక్క కొడుకు. అప్పటికి వాడికి ఇరవై ఏళ్ళు. ఒకరోజు కాటా పెట్టకుండా చేత్తోనే డ్రాగ్ బిగించాడు. మావయ్య కాటా తెచ్చి లాగి చూస్తే ముల్లు అక్షరాలా నాలుగు మీద ఆగింది. మెచ్చుకోవాల్సిన చోట ఆయనకు ఒళ్ళు మండిపోయింది. ఇత్తడి కడ్డీ తీసి వాడి వేళ్ళ మీద ఒక్కటిచ్చాడు. రెండు గోళ్ళు ఊడిపోయాయి.

"సరిగ్గానే ఉంది కదా మావయ్యా!"

"సరిగ్గా ఉండటం నీ అదృష్టం. కాటా పెట్టకపోవడం నీ పొగరు."

అది జరిగి పదిహేనేళ్ళయింది. బావ కాలం చేశాక దుకాణం మేనల్లుడి చేతికొచ్చింది. వాడికి వెనక గదిలోని ఆ బల్ల కావాలి. అక్క అడ్డుపడుతూ వచ్చింది. "వాడి పని చెడనంతకాలం ఆ బల్ల వాడిదే," అని తేల్చి చెప్పింది. మావయ్యకు పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. దుకాణం మీది గదిలో పడక, కింద ఆ బల్ల. బల్ల పోతే తను ఎవరికీ ఏమీ కాడని ఆయనకు బాగా తెలుసు.

అందుకే వేళ్ళ సంగతి దాచాడు. ఏడాదిగా ఆయన చేతివేళ్ళకు స్పర్శ తగ్గుతూ వచ్చింది. మొన్నీమధ్య పొయ్యి మీది గిన్నె పట్టుకుని, చర్మం కాలిన వాసన ముక్కుకు తగిలేదాకా వదల్లేదు. అక్కే మందు రాసి కట్టు కట్టింది. "ఎవరికీ చెప్పకే అక్కా," అని చిన్నపిల్లాడిలా బతిమాలాడు. ఆమె తల ఊపింది. కాటా ఉండగా వేళ్ళతో పనేముందిలే అని ఆయన ధైర్యం చెప్పుకున్నాడు.

ఒక శనివారం పొద్దున, దుకాణం నిండా జనం ఉండగా బస్సు డ్రైవరు వచ్చి తన రీలును బల్ల మీద దబ్బున పడేశాడు. చెరువులోని ఒక ముసలి చేప కోసం మూడేళ్ళుగా కాపు కాస్తున్నవాడు.

"దొరికింది! గాలానికి తగిలింది. ఒక్క గుంజు గుంజింది, దారం తెగి చక్కా పోయింది. ఇదేనా నీ పనితనం?"

"నాలుగు కిలోలకు పెట్టాను. నీకు కర్ర పట్టుకోవడం చేతకాక నా మీద పడి ఏడవకు," అన్నాడు మావయ్య, తల ఎత్తకుండానే.

"అయితే ఇక్కడే చూద్దాం," అంటూ మేనల్లుడు ముందుకొచ్చాడు. నాలుగేసి లీటర్ల నీళ్ళ డబ్బాలు రెండు ముందే నింపి పెట్టుకున్నాడు. కర్రను బల్లకు బిగించి, కొత్త దారం ఎక్కించి, ఒక డబ్బా వేలాడదీశాడు. డబ్బా కదల్లేదు. రెండోదీ తగిలించాడు. ఎనిమిది కిలోలు గాల్లో ఊగుతున్నాయి, రీలు మాత్రం జానెడు దారం కూడా వదల్లేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు గదంతా పాకింది.

మావయ్య కాటా అందుకుని దారానికి కట్టి లాగాడు. కాలు బల్లకు తన్నిపెట్టి, పళ్ళు బిగించి లాగితేగానీ రీలు కదల్లేదు. ముల్లు నాలుగు చూపించింది. "చూశారా!" అని ఆయన విజయగర్వంతో అరిచాడు, నుదుటి మీద చెమట కారుతుండగా.

మేనల్లుడు కాటా తీసుకుని వెనక మూత విప్పాడు. లోపల లావుపాటి కొత్త స్ప్రింగు ఉంది. దాన్ని పది కిలోల బలంతో లాగినా ముల్లు నాలుగు దాటదు. జేబులోంచి పాత స్ప్రింగు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనే మార్చాను మావయ్యా, వారమైంది. నాలుగు కిలోలు లాగడానికి కాలు తన్నిపెట్టాల్సిన పని లేదని నీ చేతికి తెలుస్తుందేమో చూద్దామనుకున్నాను. రోజూ చూశాను. నీకు తెలియలేదు."

నిజమే. వారం రోజులుగా భుజం పీకుతూనే ఉంది. వయసు మీద పడిందనుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా తిట్టి తిట్టి నేర్పిన మాటను తనే తు.చ. తప్పకుండా పాటించాడు.

"అంటే నా చేప..." అని డ్రైవరు మేనల్లుడి మీదికి లేచాడు.

"నీకు కొత్త రీలు ఇస్తాలే," అన్నాడు వాడు, అటు చూడకుండానే. "లే మావయ్యా. పని చెడింది."

మావయ్య లేచాడు. దొంగతనంలో దొరికిన వాడికి కూడా అంత సిగ్గు ఉండదు. లోపలి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఎప్పటినుంచి చూస్తోందో ఏమో.

"నా వేళ్ళ సంగతి వీడికెలా తెలిసింది?" అన్నాడు. అడుగుతుండగానే జవాబు తెలిసిపోయింది. "అక్కా, నీకొక్కదానికే కదా చెప్పాను!"

"వాడు అడిగాడు, చెప్పాను."

"నీ చేత్తో కట్టు కట్టి, నువ్వే చెప్పావా?"

"కట్టాను," అంది అక్క. గొంతు పెంచలేదు. "పదిహేనేళ్ళ కిందట వాడి వేళ్ళకు కట్టు కట్టింది కూడా నేనేరా. ఆ పూట నువ్వు రెండోసారి అన్నం అడిగి మరీ తిన్నావు."